విమాన టికెట్ కొనే ముందు

(నేలకొండపల్లిలో జరిగిన మన సంస్థ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏటా ఈ సమావేశంలో పిల్లల చదువుల గురించి, వైద్య సహాయం గురించి, జకాత్ పంపిణీ గురించి మాట్లాడుకుంటాం. ఈసారి కార్యవర్గం మాకు అప్పగించిన విషయం వేరు. విమాన టికెట్ ఎలా ఎంచుకోవాలి, ఎలా కొనాలి అన్నది. సేవా సంస్థకు దీనితో పనేమిటని కొందరికి అనిపించవచ్చు. పని ఉంది. మన ఊరి నుంచి, ముదిగొండ, కూసుమంచి వైపు పల్లెల నుంచి గల్ఫ్‌కు పనికి వెళ్లేవాళ్లున్నారు. ఉమ్రాకు వెళ్లే పెద్దలున్నారు. చదువుకు విదేశాలకు వెళ్లే పిల్లలున్నారు. వీళ్లలో చాలామంది టికెట్ డబ్బు అప్పు తెచ్చి కడతారు. కొందరికి మీరిచ్చే విరాళమే ఆధారం. ఆ టికెట్ పనికిరాకుండా పోతే పోయేది ఒక కాగితం కాదు. ఒక ఇంటి మీద అప్పు మిగులుతుంది. లేదా ఇంకొక బిడ్డ ఫీజుకు వెళ్లవలసిన సొమ్ము గాలిలో కలుస్తుంది.

అందుకని మేము చెప్పదలచుకున్నది ఒక్కటే. అగ్గువ టికెట్ అంటే తెర మీద తక్కువ అంకె కనిపించే టికెట్ కాదు. మనిషిని ఇంటి గడప నుంచి చేరవలసిన చోటికి ఇబ్బంది లేకుండా చేర్చి, అవసరమైతే డబ్బు వెనక్కి ఇచ్చే టికెట్టే అగ్గువ టికెట్. ఈ మాటను పట్టుకుని ఒక్కొక్కటిగా చూద్దాం.

ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చాం

మన తాతల కాలంలో హజ్ అంటే ముంబయికి రైలు, అక్కడి నుంచి ఓడ. ఆ ఓడ ప్రయాణం 1995తో ముగిసింది. గల్ఫ్ పనులకు వెళ్లిన మొదటి తరం కూడా ఎక్కువగా ముంబయి మీదుగానే వెళ్లింది. తర్వాత బేగంపేట, 2008 మార్చి నుంచి శంషాబాద్. ఇప్పుడు హైదరాబాద్ నుంచి జెడ్డాకు నేరుగా సుమారు ఆరు గంటల ప్రయాణం. దారి దగ్గరైంది, సందేహం లేదు. కానీ వెనకటికి టికెట్ కొనిపెట్టే ఏజెంటు ఒక్కడే ఉండేవాడు, అడగడానికి ఒక్క గుమ్మమే ఉండేది. ఇప్పుడు సెల్‌ఫోన్‌లో ఇరవై రకాల ధరలు కనిపిస్తాయి, ఒక్కొక్క ధర వెనక ఒక్కొక్క షరతు ఉంటుంది. ధర పెద్ద అక్షరాల్లో ఉంటుంది, షరతు చిన్న అక్షరాల్లో ఉంటుంది. నష్టపోయేవాళ్లు ఎక్కువగా నష్టపోయేది ఆ చిన్న అక్షరాల్లోనే.

ముందు కాగితాలు, తర్వాత టికెట్

టికెట్ కొనే ముందు పాస్‌పోర్టు తెరిచి మూడు విషయాలు చూడాలి.

మొదటిది పేరు. మన పేర్లతో ఉన్న చిక్కు మనందరికీ తెలుసు. షేక్ అన్న మాటను ఇంగ్లీషులో నాలుగు రకాలుగా రాస్తాం. మొహమ్మద్ ఒకరి ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, ఇంకొకరి మార్కుల మెమోలో ఎం.డి. అని రెండక్షరాలే ఉంటాయి. టికెట్ మీద పేరు ఆధార్‌లో ఉన్నట్టు కాదు, పాస్‌పోర్టులో ఉన్నట్టు, అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, ఒక్క పేరే ఉంటుంది. 2022 నవంబరు 21 నుంచి యూఏఈ ఇలా ఒక్క పేరే ఉన్న పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద వచ్చేవాళ్లను అనుమతించడం లేదు. రెండో పేజీలో తండ్రి పేరు ఉంటే కొంత మినహాయింపు ఇచ్చారు. అలాంటి పాస్‌పోర్టు ఉన్నవాళ్లు టికెట్ సంగతి తర్వాత చూసుకుని, ముందు పాస్‌పోర్టు సరిచేయించుకోవడం మేలు.

రెండోది గడువు. ప్రయాణం రోజు నుంచి కనీసం ఆరు నెలలు పాస్‌పోర్టు చెల్లుబాటులో ఉండాలని గల్ఫ్ దేశాలు సహా చాలా దేశాలు అడుగుతాయి. అయిదు నెలల గడువే మిగిలి ఉంటే కౌంటర్ దగ్గరే ఆపేస్తారు.

మూడోది ముద్ర. పదో తరగతి పాస్ కానివారి పాస్‌పోర్టు సాధారణంగా ఈసీఆర్ కింద ఉంటుంది. ఆ పాస్‌పోర్టుతో గల్ఫ్ దేశాలు సహా 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే ఈ-మైగ్రేట్ ద్వారా ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకోవాలి. అది లేకుండా టికెట్ చేతిలో ఉన్నా విమానం ఎక్కనివ్వరు. విజిట్ వీసా మీద వెళ్లిపో, అక్కడికి వెళ్లాక పని చూపిస్తామని చెప్పే ఏజెంటు ఎంత తియ్యగా మాట్లాడినా నమ్మకండి. అలా వెళ్లినవాడు అక్కడ ఏ చట్టానికీ చెందని మనిషి అవుతాడు. లైసెన్సు ఉన్న రిక్రూటింగ్ ఏజెంటు అభ్యర్థి దగ్గర తీసుకోగల సేవా రుసుము గరిష్ఠంగా 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ. లక్షలు అడుగుతున్నాడంటేనే ఏదో ఉందని అర్థం.

వీసా చేతికి రాకముందే, ధర పెరిగిపోతుందన్న తొందరలో రద్దుకు వీలులేని టికెట్ కొనడం అన్నిటికంటే ఖరీదైన పొదుపు. వీసా తేదీ తేలకపోతే కొంచెం ఎక్కువ పెట్టయినా తేదీ మార్చుకునే వీలున్న టికెట్ తీసుకోవాలి.

ధర లోపల ఏముంది

విమానంలో పక్కపక్క సీట్లలో కూర్చున్న ఇద్దరు వేర్వేరు ధరలు కట్టి ఉంటారు. ఎందుకంటే విమాన సంస్థ ఒకే విమానంలోని సీట్లను కొన్ని వాటాలుగా విడదీసి, ఒక్కొక్క వాటాకు ఒక్కొక్క ధర పెడుతుంది. తక్కువ ధర వాటా అయిపోతే పై ధర తెరుచుకుంటుంది. దీనితో కుటుంబాలకు పనికొచ్చే కిటుకు ఒకటి ఉంది. నలుగురికి కలిపి వెతికినప్పుడు తక్కువ వాటాలో రెండే సీట్లు మిగిలి ఉంటే, చాలాసార్లు నలుగురికీ పై ధరే చూపిస్తుంది. అందుకని ముందు ఒక్కరికి వెతికి చూడండి, తర్వాత నలుగురికి చూడండి. తేడా కనిపిస్తే ఇద్దరిద్దరుగా కొనవచ్చు. అయితే పెద్దవాళ్లను, చిన్నపిల్లలను విడి టికెట్ మీద ఒంటరిగా ఉంచకండి. విమానం మారితే వాళ్లు ఒకవైపు, మనం ఒకవైపు అవుతాం.

ఇక సామాను. దేశంలో తిరిగే విమానాల్లో మామూలుగా చెకిన్ సామాను 15 కిలోలు, చేతిసంచి 7 కిలోలు. గల్ఫ్ ప్రయాణానికి సంస్థను బట్టి, టికెట్ రకాన్ని బట్టి మారుతుంది. అన్నిటికంటే తక్కువ ధర చూపించే టికెట్లలో కొన్నిటికి చెకిన్ సామానే ఉండదు. చేతిసంచితో వెళ్లే ఉద్యోగికి అది బాగానే ఉంటుంది. రెండేళ్ల తర్వాత ఇంటికి వస్తున్న కొడుక్కి అది పనికిరాదు. సామాను ముందే ఆన్‌లైన్‌లో కొంటే ఒక ధర, కౌంటర్ దగ్గర కట్టాల్సి వస్తే చాలా ఎక్కువ ధర.

ఒక లెక్క వేసి చూద్దాం. అంకెలు ఉదాహరణ కోసం మేము అనుకున్నవి. జెడ్డాకు రానూపోనూ ఒక టికెట్ 29 వేలు. కానీ అది ముంబయిలో దిగి, సామాను తీసుకుని, ఇంకో టికెట్ మీద మళ్లీ ఎక్కే ప్రయాణం. నేరుగా వెళ్లే టికెట్ 34 వేలు. తెర మీద అయిదు వేల లాభం కనిపిస్తోంది. మొదటిదానికి అదనపు సామాను నాలుగు వేలు, ముంబయిలో రాత్రి బస, తిండి రెండున్నర వేలు కలపండి. 35,500 అయింది. అరవై అయిదేళ్ల తల్లి రాత్రంతా కుర్చీలో కూర్చున్న శ్రమకు లెక్క కట్టలేదు. కొసరు కోసం వెళ్లి అసలు పోగొట్టుకోవడమంటే ఇదే. వాళ్లూ వీళ్లూ చెప్పే మంగళవారం కొంటే చవక, అర్ధరాత్రి కొంటే చవక అన్న మాటలకంటే ఈ కూడిక ఎక్కువ మేలు చేస్తుంది.

ధర నిజంగా దిగేది తేదీని అటూ ఇటూ జరపగలిగినప్పుడు. గల్ఫ్ నుంచి ఇంటికి వచ్చే టికెట్లు అక్కడి బడులకు వేసవి సెలవులిచ్చే జూలై, ఆగస్టుల్లోనూ పండుగలకు ముందూ మండిపోతాయి. రంజాన్‌లో ఉమ్రా టికెట్లూ అంతే. మన నెలలు ఇంగ్లీషు క్యాలెండర్‌లో ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతాయి కాబట్టి పోయిన ఏడాది ధర చూసి ఈ ఏడాది అంచనా వేయకూడదు. పండుగకు ఇంటికి రావాలనుకున్నవాళ్లు సెలవు ఖాయమైన రోజే టికెట్ చూడాలి.

నేలకొండపల్లి నుంచి విమానం దాకా

టికెట్ హైదరాబాద్ నుంచి మొదలవుతుంది, ప్రయాణం మాత్రం నేలకొండపల్లి నుంచి మొదలవుతుంది. కోదాడ చేరి హైవే ఎక్కి, పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు పట్టుకుని శంషాబాద్ చేరడానికి సుమారు రెండు వందల కిలోమీటర్లు. అంతర్జాతీయ ప్రయాణానికి మూడు గంటల ముందు అక్కడ ఉండాలి. కౌంటర్ సాధారణంగా గంట ముందే మూసేస్తారు, కొన్ని సంస్థలు ఇంకా ముందే మూస్తాయి. విమానం కళ్ల ముందే ఉన్నా కౌంటర్ మూశాక ఎవరూ ఏమీ చేయలేరు. సంక్రాంతి ముందూ వెనకా పంతంగి, కొర్లపహాడ్ టోల్ గేట్ల దగ్గర బండ్లు ఎలా బారులు తీరతాయో మీకు తెలుసు. ఆ రోజుల్లో విమానం ఉంటే ముందురోజే నగరం చేరి ఉండటం క్షేమం.

గన్నవరం మనకు శంషాబాద్ కంటే దగ్గర. విజయవాడ విమానాశ్రయం నుంచి విదేశీ సర్వీసులు కూడా నడిచాయి. 2018 డిసెంబరులో సింగపూర్‌కు, 2022 అక్టోబరు 31 నుంచి షార్జాకు మొదలయ్యాయి. కానీ చిన్న విమానాశ్రయాల విదేశీ సర్వీసులు వస్తుంటాయి, ఆగిపోతుంటాయి. వారానికి ఒకటి రెండు రోజులే నడిచే విమానం ఒక్కటి రద్దయితే తర్వాతిది మూడు నాలుగు రోజులకు గానీ ఉండదు. తేదీ ముఖ్యమైనప్పుడు రోజూ విమానాలున్న చోటును ఎంచుకోవాలి. తేదీ ముఖ్యం కానప్పుడు దగ్గరున్న చోటును చూడవచ్చు.

ఇంకొక్క మాట. గల్ఫ్ విమానాలు చాలావరకు అర్ధరాత్రి దాటాక బయలుదేరతాయి. టికెట్ మీద శుక్రవారం 02:15 అని ఉంటే గురువారం సాయంత్రం శంషాబాద్ దారిలో ఉండాలి. మనకు రోజు మగ్రిబ్‌తో మొదలవుతుంది, విమానం వాళ్లకు అర్ధరాత్రితో మొదలవుతుంది. ఈ తేడా తెలియక శుక్రవారం రాత్రికి బయలుదేరితే విమానం వెళ్లిపోయి ఒక పూట గడిచిపోయి ఉంటుంది. టికెట్ చేతికి రాగానే ఇంట్లో అందరికీ వినిపించేలా, ఫలానా రోజు ఫలానా గంటకు ఇల్లు కదలాలి అని పెన్నుతో దాని మీద రాసుకోండి. టికెట్ మీది వేళలన్నీ ఆయా చోట్ల స్థానిక వేళలు. సౌదీ మనకంటే రెండున్నర గంటలు వెనక, యూఏఈ గంటన్నర వెనక.

ఒక టికెట్టా, రెండు టికెట్లా

మధ్యలో విమానం మారే ప్రయాణాల్లో అడగవలసిన ప్రశ్న ఇది. ప్రయాణమంతా ఒకే పీఎన్ఆర్ కింద ఉంటే, మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పినా మనల్ని ముందుకు చేర్చే బాధ్యత విమాన సంస్థదే. సామాను కూడా సాధారణంగా చివరి చోటికే వెళుతుంది. రెండు వేర్వేరు టికెట్లు కలిపి అమ్మితే ఆ బాధ్యత ఎవరికీ లేదు. మధ్యలో సామాను తీసుకోవాలి, టెర్మినల్ మారాలి, విదేశంలో అయితే బయటికి రావడానికి ఆ దేశపు వీసా కూడా కావాలి. కొన్ని వెబ్‌సైట్లు ఇలాంటి జంట టికెట్లను ఒకే టికెట్‌లా చూపిస్తాయి. అందుకే అడిగి తెలుసుకోవాలి.

ఇది ఊరికే చెప్పడం కాదు. 2025 జూన్ 23న ఖతర్ తన గగనతలాన్ని కొన్ని గంటలు మూసేస్తే గల్ఫ్ మీదుగా వెళ్లేవాళ్లు ఎక్కడివాళ్లక్కడ చిక్కుకున్నారు. అదే ఏడాది డిసెంబరు మొదటి వారంలో ఇండిగో విమానాలు వేల సంఖ్యలో రద్దయ్యాయి. హైదరాబాద్ వాళ్లూ ఆ ఇబ్బంది పడ్డారు. అలాంటి రోజున ఒకే టికెట్ ఉన్నవాడికి అడగడానికి ఒక కౌంటర్ ఉంటుంది. రెండు టికెట్లున్నవాడికి మొదటి టికెట్ డబ్బు వెనక్కి వచ్చినా, రెండో సంస్థ మాత్రం మీరే రాలేదంటుంది. తప్పనిసరై విడి టికెట్లు కొన్నప్పుడు మధ్యలో కనీసం ఒక రాత్రి వ్యవధి ఉంచండి.

ఉమ్రా ప్రయాణానికి

హజ్ కమిటీ ద్వారా వెళ్లేవాళ్లు విమానం ఎంచుకోనక్కరలేదు, కమిటీయే ఏర్పాటు చేస్తుంది. ఉమ్రా అలా కాదు. ట్రావెల్స్ వాళ్లు ప్యాకేజీ చెబుతారు. ప్యాకేజీ ధర అడిగే ముందు నాలుగు విషయాలు కాగితం మీద రాయించుకోవాలి. ఏ విమానం, నేరుగానా, మధ్యలో ఆగుతుందా. ఏ ఊళ్లో దిగుతుంది. సామాను ఎన్ని కిలోలు. రద్దయితే ఎంత తిరిగి వస్తుంది. నాలుగు స్టార్ల హోటల్, హరమ్‌కు దగ్గర అన్న మాటలు చెప్పినంత తేలికగా ఈ నాలుగూ చెప్పరు. రాసి ఇవ్వడానికి వెనకాడేవాళ్ల దగ్గర డబ్బు కట్టకండి.

దిగే ఊరు చిన్న విషయం కాదు. మక్కా, మదీనాల మధ్య దూరం సుమారు 450 కిలోమీటర్లు. మదీనాలో దిగి జెడ్డాలో ఎక్కేలా టికెట్ తీసుకుంటే ఒక దారి మిగులుతుంది, ముసలివాళ్లకు ఒక రోజు శ్రమ తప్పుతుంది. ముందు మదీనా వెళితే ఇహ్రామ్ అక్కడి నుంచి బయలుదేరేటప్పుడు ధరించవచ్చు. నేరుగా జెడ్డాలో దిగి ఉమ్రా చేసేవాళ్లకు మీఖాత్ ఆకాశంలోనే దాటిపోతుంది కాబట్టి, ముందే సిద్ధం కావాలి. 2018 నుంచి హరమైన్ రైలు మక్కా, జెడ్డా, మదీనాలను కలుపుతోంది. జెడ్డా విమానాశ్రయంలోనే దానికి స్టేషన్ ఉంది.

నడవలేని పెద్దలకు వీల్‌చెయిర్ కావాలని టికెట్ కొన్నప్పుడే రాయించాలి, కనీసం 48 గంటల ముందు చెప్పాలి. ఇక జమ్‌జమ్. దాన్ని మామూలు పెట్టెలో సర్ది చెకిన్‌లో వేయనివ్వరు. విడిగా ప్యాక్ చేసి అమ్మే అయిదు లీటర్ల డబ్బానే తీసుకుంటారు. కొన్ని సంస్థలు దాన్ని ఉచితంగా అనుమతిస్తాయి, కొన్ని సామాను లెక్కలో కలుపుతాయి. ఇంటికి పట్టుకొచ్చే ఆ నీళ్ల కోసం ఎదురుచూసే ఇళ్లు ఎన్నో ఉంటాయి కాబట్టి ఇదీ ముందే అడగాలి.

ఎవరి దగ్గర కొనాలి

వీలైనంతవరకు విమాన సంస్థ వెబ్‌సైటులోనే కొనండి. వెతకడానికి వేరే సైట్లు వాడుకోండి, కొనేటప్పుడు సంస్థ దగ్గరికే వెళ్లండి. మార్పులు, రీఫండ్లు అప్పుడు సులువు. ఏజెంటు దగ్గర కొంటే తెలిసినవాడి దగ్గర, రసీదుతో కొనండి. టికెట్ ఇవ్వగానే పీఎన్ఆర్ నంబరు, పేరు కొట్టి విమాన సంస్థ వెబ్‌సైటులో చూసుకోండి. సీటు పట్టి ఉంచడం వేరు, టికెట్ ఇవ్వడం వేరు. డబ్బు కట్టని పీఎన్ఆర్ కూడా కాగితం మీద అచ్చం టికెట్‌లాగే కనిపిస్తుంది, రెండు రోజుల తర్వాత మాయమవుతుంది. అసలు టికెట్‌కు సాధారణంగా 13 అంకెల ఈ-టికెట్ నంబరు ఉంటుంది. రీఫండ్ కోసం ఇంటర్నెట్‌లో కస్టమర్ కేర్ నంబరు వెతికి ఫోన్ చేసి, ఓటీపీ చెప్పి, ఖాతా ఖాళీ చేసుకుంటున్నవాళ్లు ఎందరో. నంబరు టికెట్ మీదో, సంస్థ వెబ్‌సైటులోనో ఉన్నదే వాడాలి. మోసం జరిగితే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

విమాన సంస్థలే ఆగిపోయిన రోజులు కూడా చూశాం. 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్, 2023 మేలో గో ఫస్ట్ ఆగిపోయాయి. ముందుగా కొన్నవాళ్ల డబ్బు ఇరుక్కుపోయింది. నగదు కట్టినవాడికి కంటే కార్డుతో కట్టినవాడికి బ్యాంకు ద్వారా అడిగే దారి ఒకటి అదనంగా ఉంటుంది.

మన హక్కులూ తెలిసి ఉండాలి. డీజీసీఏ నియమాల ప్రకారం రీఫండ్ లేని టికెట్ రద్దు చేసినా, విమానం ఎక్కకపోయినా, అందులోని పన్నులు, విమానాశ్రయ రుసుములు వెనక్కి ఇవ్వాలి. రద్దు రుసుము మూల ధర, ఇంధన సర్‌చార్జి కలిపినదానికి మించకూడదు. డబ్బు బదులు క్రెడిట్ ఇస్తామంటే తీసుకోవడం మన ఇష్టం, బలవంతం లేదు. సంస్థ వెబ్‌సైటులో కొన్న టికెట్‌లో పేరు తప్పు పడితే 24 గంటల్లో చెబితే ఉచితంగా సరిచేయాలి. కొన్న కొద్ది వ్యవధిలో ఉచితంగా రద్దు చేసుకునే వెసులుబాటు కూడా ఉంది. ప్రయాణం కనీసం వారం దూరంలో ఉంటే 24 గంటలు అన్నది ఏళ్లుగా నడిచిన నియమం. ఈ గడువులను డీజీసీఏ సవరిస్తుంటుంది కాబట్టి కొన్న రోజే చూసుకోవాలి. సంస్థ వినకపోతే ఎయిర్‌సేవ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు. టికెట్‌తో పాటు వచ్చిన మెసేజ్‌లన్నీ దాచుకుంటేనే ఈ హక్కులు పనికొస్తాయి.

దాతల సొమ్ముతో టికెట్ కొనేటప్పుడు

ఇప్పుడు మీతో ప్రత్యేకంగా ఒక మాట. గల్ఫ్‌లో చిక్కుకున్న మనిషిని ఇంటికి రప్పించడానికి టికెట్ కొనిపెట్టమని ఇంటివాళ్లు వస్తారు. కన్నీళ్లు చూసి చెయ్యి జేబులోకి వెళుతుంది. వెళ్లాలి కూడా. కానీ డబ్బు తీసే ముందు మూడు ప్రశ్నలు అడగడం దయలేనితనం కాదు, ఆ మనిషికే మేలు.

ఆ టికెట్ ఖర్చు యజమాని ఇవ్వవలసింది కాదా? సౌదీ కార్మిక చట్టం 40వ అధికరణం ప్రకారం పని ఒప్పందం ముగిశాక తిరుగు టికెట్ యజమానే ఇవ్వాలి. యూఏఈ చట్టంలోనూ ఇలాంటి నిబంధన ఉంది. యజమాని ఇవ్వకపోతే భారత రాయబార కార్యాలయాన్ని అడిగారా? 2009లో మొదలైన ఇండియన్ కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ నుంచి దిక్కులేని భారతీయులకు విమాన చార్జీ ఇవ్వవచ్చు, భౌతికకాయాన్ని పంపడానికీ సాయం చేయవచ్చు. ఇక మూడోది, బయటికి వచ్చే అనుమతి చేతికి వచ్చిందా? ఖల్లివెల్లి అయి, వీసా దాటి ఉన్న మనిషికి టికెట్ కొన్నంత మాత్రాన విమానాశ్రయం తలుపు తెరుచుకోదు. ఎగ్జిట్ పాస్ రావాలి, యజమాని హురూబ్ కేసు పెట్టి ఉంటే అది తేలాలి. 2024 సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా యూఏఈ క్షమాభిక్ష ఇచ్చినప్పుడు కూడా కాగితం ముందు, టికెట్ తర్వాత. తేదీ తెలియకుండా కొన్న టికెట్ దాత మనసును తృప్తి పరుస్తుంది కానీ మనిషిని ఇంటికి తేదు.

అన్నీ సరిగ్గా ఉన్నాక టికెట్ మనమే కొనాలి. నగదు చేతికివ్వడం కంటే టికెట్ కొని, పీఎన్ఆర్ సరిచూసి ఇవ్వడం మంచిది. మీ కార్డుతో కొంటే రెండు సంగతులు గుర్తుంచుకోండి. కొన్ని విదేశీ సంస్థలు టికెట్‌కు వాడిన కార్డును కౌంటర్ దగ్గర చూపమంటాయి, కార్డు మీ దగ్గర, మనిషి రియాద్‌లో ఉంటే చిక్కే. ఆ షరతు ఉందేమో ముందే చూడాలి. రెండోది, రద్దయితే రీఫండ్ మీ కార్డుకే వస్తుంది. ఆ సొమ్ము మళ్లీ అదే పనికి వెళుతుందా, ఇంకొకరికి వెళుతుందా అన్నది ముందే అనుకుని సంస్థ పుస్తకంలో రాయించండి. జకాత్ సొమ్ము అయితే ఈ లెక్క మరీ ముఖ్యం. అది అమానతు. చివరి రూపాయి దాకా జవాబు చెప్పవలసిన సొమ్ము.

విద్యార్థుల విషయంలోనూ ఇంతే. వీసా ముద్ర పడి, చేరే తేదీ కాలేజీ నుంచి రాసి వచ్చాకే టికెట్. మధ్యలో ఆగే దేశానికి ట్రాన్సిట్ వీసా కావాలా అని చూడాలి. కొన్ని దేశాలు విమానాశ్రయం దాటకపోయినా అడుగుతాయి.

మీ నుంచి కోరేది

సోదరులారా, ఇన్ని షరతులు విని విమానం ఎక్కడమే మానుకుందామా అనిపించవచ్చు. అంత భయం అక్కరలేదు. ఒంటెను కట్టేసి ఆ తర్వాతే తవక్కుల్ అని పెద్దలు మనకు నేర్పారు. టికెట్ విషయంలో కట్టు తాడు అయిదు ప్రశ్నలు. పేరు, గడువు సరిగ్గా ఉన్నాయా? వీసా లేదా అనుమతి చేతిలో ఉందా? ఇంటి నుంచి లెక్కేస్తే మొత్తం ఖర్చెంత? ఒకే టికెట్టా? రద్దయితే ఎంత వెనక్కి వస్తుంది? ఈ అయిదింటికీ జవాబు దొరికిన టికెట్ కొనండి. ఒక్కదానికి దొరకకపోయినా ఒక రోజు ఆగండి.

మీ నుంచి మేము కోరేది డబ్బు ఒక్కటే కాదు. మీలో విదేశాలు తిరిగినవాళ్లున్నారు, కంప్యూటర్ తెలిసిన పిల్లలున్న ఇళ్లున్నాయి. నెలకు రెండు సాయంత్రాలు, ఇషా తర్వాత ఒక గంట, మన సంస్థ గదిలో కూర్చుని టికెట్ కొనబోయేవాళ్ల కాగితాలు చూసి పెట్టే నలుగురు ముందుకు వస్తే చాలు. ఇంగ్లీషు చదవలేని ఒక తల్లికి టికెట్ మీద చిన్న అక్షరాలు చదివి వినిపించడం కూడా సదఖాయే. మీరు ఇచ్చే వేల రూపాయలు వృథా కాకుండా కాపాడేది ఆ ఒక్క గంటే.

పనికి వెళ్లిన బిడ్డలు క్షేమంగా ఇల్లు చేరాలని, హరమైన్ దర్శించాలని కోరుకునే పెద్దలందరికీ ఆ భాగ్యం కలగాలని, మీరిచ్చిన ప్రతి రూపాయిని అల్లాహ్ స్వీకరించాలని దుఆ చేస్తూ సెలవు తీసుకుంటున్నాం.

వస్సలాము అలైకుమ్ వ రహ్మతుల్లాహి వ బరకాతుహు.